ముంబై హైవే వెంట మల్గీల జాగా: పటాన్‌చెరు, పాశమైలారం భూముల చరిత్ర

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలో దుకాణాలకు, హోటళ్లకు, గోదాములకు అమ్మకానికి వచ్చే జాగాలు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటాయి. ఒకటి ముంబై హైవేను ఆనుకున్న బిట్లు. రెండోది ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం పారిశ్రామికవాడకు పోయే దారి. మూడోది కొత్త కాలనీల గేట్ల దగ్గరి కార్నర్ ప్లాట్లు. ఆరు దశాబ్దాల కిందట ఈ నేల చాలా మటుకు జొన్న, కంది పండే చెలక. చెరువుల కింద వరి మళ్లు. ఈ నేలకు అంగడి విలువ తెచ్చినవి రోడ్డు, ఫ్యాక్టరీ, కాలనీ. ప్రణాళిక వేసినవాళ్లు ఫ్యాక్టరీకి, కొన్నిచోట్ల ఇంటికి గీసిన గీత దుకాణానికి చాలినంత గీయలేదు. అందుకే ఇక్కడ వాణిజ్యం ఎక్కువగా ఫ్యాక్టరీ, కాలనీ గోడకు అవతల పుట్టింది.

పాత ఊరు, పాత బాట

పటాన్‌చెరు కొత్తగా వెలసిన ఊరు కాదు. 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడికి పొట్లకెరె పేరుతో ఇది ఒక నెలవీడు, అంటే రాజు విడిది. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు అప్పటి వైభవానికి సాక్ష్యం. నిజాం పాలనలో హైదరాబాద్ నుంచి బొంబాయి వైపు సాగే బాట మీది మజిలీగా ఊరు నిలిచింది. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం లింగంపల్లి మీదుగా పోవడంతో ఆ దారికి ఇంకో ఆసరా దొరికింది.

ఆ కాలంలో భూమి విలువను నిర్ణయించింది నీళ్లు. చెరువు కింది తరి భూమికి ఒక ధర, చెలకకు ఒక ధర. రోడ్డు పక్కదైనంత మాత్రాన పొలానికి ప్రత్యేకంగా గిరాకీ ఉండేది కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1954–55లో ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు రాశారు. నేటికీ ఈ ప్రాంతంలో జాగా కొనేవాళ్ల వకీలు హక్కుల గొలుసును వెనక్కి పట్టుకుపోయి చూసేది ఆ పహాణీ దాకానే.

మొదటి కాలనీ, మొదటి బజారు

మార్పు రామచంద్రాపురంతో మొదలైంది. 1960లలో చెకోస్లొవాకియా సహకారంతో అక్కడ భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం నెలకొంది. అదే బీహెచ్‌ఈఎల్. ఉద్యోగుల కోసం పక్కనే టౌన్‌షిప్ కట్టారు. వెడల్పాటి రోడ్లు, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం, కొన్ని దుకాణాలు అన్నీ పటం ప్రకారం వచ్చాయి. ఈ దారిలో ముందే గీసి కట్టిన తొలి పెద్ద నివాస ప్రాంతం అదే.

నెలనెలా జీతం అందుకునే వేల కుటుంబాలు ఒకచోట చేరేసరికి లోపలి దుకాణాలు చాలలేదు. బంగారం, బట్టలు, ఇనుప సామాను, పెళ్లి సరుకులు, ట్యూషన్లు అన్నీ హైవే పక్కన, గోడకు అవతల మొలిచాయి. అశోక్‌నగర్, రామచంద్రాపురం బజార్లు అలా పెరిగినవే. పదవీ విరమణ చేసినవాళ్లు దూరం పోకుండా చుట్టుపక్కలే ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకోవడంతో ఆ బజార్లకు గిరాకీ తరం మారినా తగ్గలేదు. కాలనీ పక్కన కమర్షియల్ జాగా అనే మాటకు ఈ ప్రాంతంలో మొదటి ఉదాహరణ ఇది.

1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ స్థాపన జరిగింది. మెట్ట పంటల పరిశోధన కోసం దాదాపు 1,400 హెక్టార్ల భూమి దాని చేతికి వచ్చింది. మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలను అక్కడినుంచి తరలించారు. హైవే పక్కన అంత విస్తీర్ణం అమ్మకానికి వీల్లేకుండా ఉండిపోవడంతో వాణిజ్యమంతా మిగిలిన రోడ్డు ముఖం మీదికే ఒత్తిడిగా వచ్చింది.

పారిశ్రామికవాడలు

1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడింది. ఈ ప్రాంతం అప్పుడున్న మెదక్‌కు వెనుకబడిన జిల్లాగా రాయితీలు అందేవి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలవడంతో పరిశ్రమల రాక వేగం పుంజుకుంది. పటాన్‌చెరు, బొల్లారం, ఆ వెంట పాశమైలారం పారిశ్రామికవాడలయ్యాయి. మందుల కంపెనీలు, రసాయనాల యూనిట్లు, ఇనుప సామగ్రి కర్మాగారాలు వరసగా వచ్చాయి. పాశమైలారం వాడ దశలవారీగా విస్తరించింది.

ఈ వాడల పటంలో ఫ్యాక్టరీకి ప్లాటు, లారీకి రోడ్డు ఉన్నాయి. కార్మికుడికి ఇల్లు మాత్రం లేదు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఇస్నాపూర్, చిట్కుల్, ముత్తంగి, రుద్రారం ఊళ్లలో అద్దెకు దిగారు. ఉన్న కొద్దిపాటి జాగాలో రైతులు కట్టిన కట్టడానికి ఒక ఒరవడి ఏర్పడింది: ముందు రోడ్డు వైపు రెండు మల్గీలు (దుకాణపు గదులు), వాటికి షట్టర్లు, వెనక వరసగా రేకుల గదులు, మధ్యలో ఒక బోరు, ఉమ్మడి స్నానాల గది. మల్గీలో కిరాణా, ఫోన్ రీచార్జి, ఒడియా భోజనం. గదుల కిరాయి నెలనెలా వచ్చేది, మల్గీకి అడ్వాన్సు చేతికందేది. పొలం పోయిన చాలా కుటుంబాలకు అదే ఆధారమైంది.

ఈ పరిశ్రమలకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయాయి. పొలాలు, బావులు చెడిపోయాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నెలకొన్నాక కూడా సమస్య తీరలేదు. అక్కడ శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు భారీ మోతాదులో ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది.

ఎకరం నుంచి గజానికి

2008లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఏర్పడింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ముత్తంగి దగ్గర ముంబై హైవేను దాటింది. కంది దగ్గర ఐఐటీ, రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం వచ్చాయి. గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులకు కొల్లూరు, తెల్లాపూర్, అమీన్‌పూర్, బీరంగూడ అందుబాటులోకి వచ్చాయి. వెంచర్లు, విల్లాలు, గేటెడ్ కమ్యూనిటీలు లేచాయి. కొల్లూరులో ప్రభుత్వం ఒకేచోట 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించింది.

దీంతో భూమి కొలతే మారిపోయింది. రైతు లెక్క ఎకరం, గుంట. వెంచర్ లెక్క గజం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రోడ్లకు, పార్కుకు మూడో వంతు వదిలినా 3,200 గజాలకు పైగా అమ్మకానికి మిగులుతుంది. అందులో పెద్ద రోడ్డుకు ముఖం ఉన్న వరసను కమర్షియల్ బిట్లుగా విడదీస్తారు. లోపలి ఇళ్ల ప్లాట్లు అమ్ముడయ్యేదాకా ఆ వరసను యజమాని చివరికి ఉంచుకోవడం ఈ వ్యాపారంలో వాడుక. ఇళ్లు నిండే కొద్దీ దాని ధర పెరుగుతుంది. ఎకరాల లెక్కన ముందే అమ్మేసిన రైతుకు ఆ పెరుగుదలలో వాటా అందదు.

నియమాలు ఈ మార్కెట్ వెనకే నడిచాయి. సాగుభూమిని వేరే అవసరానికి మార్చే నాలా చట్టం 2006లో వచ్చింది. అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2007, 2015, 2020లలో పథకాలు ప్రకటించారు. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ 2013లో అమల్లోకి వచ్చింది. నివాస, వాణిజ్య, పారిశ్రామిక మండలాలు కాగితం మీద తేటతెల్లమయ్యేనాటికే చాలా ఊళ్లలో మల్గీలు, గదులు, గోదాములు కలిసిపోయి ఉన్నాయి. వెంచర్లకు రెరా చట్టం కింద నమోదు ఆ తర్వాతి మాట.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన కార్మికులు. ఫ్యాక్టరీకి, గదికి, అంగడికి మధ్య ఎంత దూరం ఉండాలన్న ప్రశ్న ఆ రోజుతో ఈ ప్రాంతమంతటి ప్రశ్న అయింది.

ఆరు దశాబ్దాల అనుభవం చెప్పేది ఇదే: కాలనీ పక్కన జాగాకు ధర కట్టించినవి ప్రభుత్వ సొమ్ముతో వేసిన రోడ్డు, రైతులు వదిలిన పొలం, అక్కడ కాపురం పెట్టిన జనం. అలాంటప్పుడు అంగడిని గోడకు అవతల దానంతటది పెరిగేలా వదిలేయడం న్యాయం కాదు. పటం గీసే రోజే దానికి చోటు చూపాలి, ప్రమాదకర పరిశ్రమకు దూరంగా ఉంచాలి, భూమి ఇచ్చిన కుటుంబానికి అందులో కొన్ని మల్గీలైనా దక్కాలి.