పార్స నగరము: శిలాశాసనములు, మట్టి పలకలు

ఇరాను దేశపు దక్షిణ భాగమున, షిరాజు నగరమునకు ఈశాన్యముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున మర్వ్‌దష్తు మైదానము కలదు. దాని తూర్పు అంచున నిలిచిన కొండను కూహె రహ్మత్ అందురు; దయాపర్వతమని ఆ పేరున కర్థము. ఆ కొండ పాదమున రాతిని చెక్కి, పల్లములు పూడ్చి, ఎత్తైన గోడ కట్టి సమతలము గావించిన ఒక మహావేదిక ఉన్నది. దాని విస్తీర్ణము 1,25,000 చదరపు మీటర్లకు తక్కువ గాదు. ఆ వేదికపై కప్పులేని ద్వారబంధములును, తలలు విరిగిన రాతి వృషభములును, ఆకాశమును మోయుచున్నవో యన్నట్లు ఒంటరిగా నిలిచిన కొన్ని స్తంభములును కానవచ్చును. ఇరానీయులు దీనిని తఖ్తె జంషీద్, అనగా జంషీదు సింహాసనము, అని పిలుతురు. గ్రీకులు పర్సెపొలిస్ అనిరి. కట్టించినవారు మాత్రము దీనికి పెట్టిన పేరు పార్స.

జంషీదునకును ఈ కట్టడమునకును ఏ సంబంధమును లేదు. అవెస్తాలో వివన్హ్వంతుని కుమారుడైన యిమ రాజు కలడు. మన వైవస్వత యముడును అతడును ఒకే మూలపురుషుని రెండు రూపములు. ఆ యిమయే కాలక్రమమున జంషీదు అయ్యెను. క్రీ.పూ. 518 ప్రాంతమున ఈ నిర్మాణము నారంభించిన వాడు డేరియస్ చక్రవర్తి. కాని అతని సంతతివారి భాష మాఱి, లిపి మఱపున బడి, రాజ్యములు రెండు మూడు గడచిన పిమ్మట, ఇంతటి కట్టడమును నరమాత్రుడు కట్టగలడని నమ్ముటకు ప్రజలకు మనసొప్పలేదు. అందుచే పురాణరాజునకు అప్పగించిరి. ఇక్కడికి సమీపమున కొండచఱియలో డేరియస్ మొదలగు నలువురు చక్రవర్తుల సమాధులు శిలువ ఆకారమున తొలిచి ఉన్నవి. వానిక్రింద సాసానీయ రాజులు తమ విజయములను చెక్కించుకొనిరి. ప్రజలు వానిని చూచి, ఇవి వీరుడైన రుస్తుము చిత్రములని తలచి నఖ్షె రుస్తం అని పేరిడిరి. పసర్గడేలో ఆఱు మెట్ల పీఠముపై చిన్న యిల్లువలె నిలిచిన సైరస్ చక్రవర్తి సమాధి యైతే శతాబ్దములపాటు సులేమాను తల్లి సమాధిగా పూజ లందుకొనెను. క్రీ.శ. 1010లో ఫిరదౌసి పూర్తిచేసిన షానామా ఇరాను రాజుల చరిత్రయే గదా. అందు బాబిలోనును క్రీ.పూ. 539లో జయించిన సైరస్ పేరుతో లేడు. ఒక జాతి తన వీరకావ్యమును కాపాడుకొని తన చరిత్రను పోగొట్టుకొనుట ఇంత స్పష్టముగా మఱియొకచోట కానరాదు.

పోయిన ఆ పేర్లు తిరిగి వచ్చిన త్రోవ విచిత్రమైనది. అది సూరతు మీదుగా వచ్చినది.

1765లో కార్స్టెన్ నీబూర్ అను యాత్రికుడు పార్స శిథిలములలో నిలిచి, గోడలపై మేకులవలె చెక్కిన అక్షరములను జాగ్రత్తగా ప్రతులు వ్రాసికొనెను. అప్పటికి కొలదికాలము క్రిందటనే ఆంకెతీ దుపెరో అను ఫ్రెంచి యువకుడు సూరతు పార్సీ పురోహితుల వద్ద అవెస్తా నభ్యసించి, 1771లో దానికి ఫ్రెంచి అనువాదమును ప్రకటించియుండెను. నీబూరు ప్రతులును, ఆంకెతీ గ్రంథమునందలి ప్రాచీన నామరూపములును, జర్మనీలో ఒక బడిపంతులు చేతికి చిక్కినవి. ఆయన పేరు గ్రోటెఫెండ్. సాసానీయ శాసనములలో 'ఫలానా, మహారాజు, రాజాధిరాజు, ఫలానా రాజు కుమారుడు' అను వరుస కలదని అప్పటికి తెలిసియుండెను. ఈ మేకుల లిపిలోను అట్టి వరుసయే ఉండవలెనని ఆయన ఊహించెను. రెండు చిన్న శాసనములను ప్రక్కప్రక్కన బెట్టి చూడగా, ఒకదానిలో తండ్రికి రాజబిరుదము లేదు. రెండవదానిలో మొదటివాని కుమారుడు రాజు. తాత రాజు గాడు, తండ్రియు కుమారుడును రాజులు. సైరస్, కంబీసెస్ అనుకొందమా యన్న, ఆ పేర్లు రెండును ఒకే అక్షరముతో మొదలు కావలెను. శాసనమున అట్లు లేదు. కాగా విష్తాస్పుడు, డేరియస్, జెర్క్సెస్ తప్ప మఱి గతి లేదు. 1802లో ఆయన ఈ విషయమును విద్వత్సభకు నివేదించెను. నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు, ఆ దేశమున అడుగిడినవాడును కాడు. కేవలము వంశవృక్షముతో ఒక లిపి తాళము తీసిన ఘనత ఆయనది.

తక్కిన పనికి సంస్కృతము తోడ్పడినది. 1836లో బ్యూర్నూఫ్, లాసెన్ అను సంస్కృతపండితులు లిపిలోని పెక్కు అక్షరముల విలువలను నిర్ణయించిరి. ఇంచుమించు అదే కాలమున హెన్రీ రాలిన్సన్ అను సైనికోద్యోగి కెర్మాన్‌షాహు సమీపమున బెహిస్తూను కొండపై, నేలకు ఎంతో ఎత్తున, డేరియస్ చెక్కించిన మహాశాసనమును నిచ్చెనల సాయముతో ఎత్తి వ్రాసికొనుచుండెను. అది ప్రాచీన పారసీకము, ఎలామీయము, బాబిలోనీయము అను మూడు భాషలలో ఉన్నది. బాబిలోనీయ పాఠమున్న చోటికి ఆయనయు చేరలేకపోగా, 1847లో ఒక కుర్దు బాలుడు మేకులను త్రాళ్ళను ఆధారము చేసికొని ప్రాకిపోయి దాని అచ్చు తీసికొని వచ్చెను. రాలిన్సను కీర్తి గ్రంథములకెక్కినది. ఆ బాలుని పేరు మాత్రము ఎవ్వరును వ్రాసి పెట్టలేదు.

బెహిస్తూను శాసనభాష తెలుగు పండితునకు సైతము పరాయిదిగా తోచదు. 'అదం' అనగా అహమ్, 'మర్తియ' అనగా మర్త్యుడు, 'బూమి' భూమియే, 'హైనా' సేన, 'హమ' సమ. సకారము హకారముగ మాఱు ఈ నియమము చేతనే సింధువు హిందువైనది. ఆ శాసనమున మాటిమాటికి వినవచ్చు పదము 'ద్రౌగ'. అది మన 'ద్రోహము'నకు జ్ఞాతి. పారసీకమున దానికి అసత్యమని యర్థము. గౌమాతుడను మాంత్రికుడు తాను సైరస్ కుమారుడనని బొంకి రాజ్యమపహరించెననియు, తాను వానిని చంపి, ఒక్క యేటిలో పందొమ్మిది యుద్ధములు చేసి తొమ్మండుగురు బొంకురాజులను పట్టితిననియు డేరియస్ చెప్పుకొనెను. అసత్యము రాజ్యమంతట వ్యాపించెనట. అయితే ఈనాటి చరిత్రకారులలో పలువురకు గౌమాతుని కథయే నమ్మదగినట్లు లేదు. చంపబడినవాడు నిజముగా సైరస్ కుమారుడే కావచ్చుననియు, అసత్యమును కొండపై కెక్కించినవాడు డేరియసే కావచ్చుననియు వారి సందేహము. ఏమైనను, గెలిచినవాని మాట మూడు భాషలలో రాతిపై నిలిచినది. ఓడినవాడు అందొక బొమ్మగా మిగిలి, డేరియస్ పాదము క్రింద వెల్లకిల పడియున్నాడు.

పార్స నగరమున ఇట్టి కోపము కానరాదు. వేదికపైకి ఎక్కు గొప్ప సోపానములో 111 మెట్లున్నవి. ఎత్తు చాల తక్కువ. దొడ్డ వస్త్రములు ధరించిన ప్రభువులు ఆయాసపడక, మాటాడుకొనుచు ఎక్కుటకు తగినట్లున్నవి. ఎక్కిన పిదప జెర్క్సెస్ కట్టించిన సర్వదేశద్వారము. దానికావల అపదానమను మహాసభ. ఆ సభాభవనమునకు 72 స్తంభములు, ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల ఎత్తు; నేడు నిలిచినవి 13. దాని తూర్పు సోపానమును 1932లో ఎర్న్‌స్ట్ హెర్జ్‌ఫెల్డ్ త్రవ్వి తీసెను. శతాబ్దములపాటు మట్టి కప్పియుండుటచే శిల్పము నిన్న చెక్కినట్లుండెను. ఇరువదిమూడు దేశముల వారు కానుకలతో వరుసగా నడచి వచ్చుచుందురు. గుఱ్ఱములు, పొట్టేళ్ళు, ఒంటెలు, ఆడుసింహము, దాని పిల్లలు. ప్రతి బృందపు నాయకుని చేయి పట్టుకొని ఒక పారసీకుడో మేదీయుడో ముందు నడచును. అస్సీరియా రాజుల శిల్పములలోవలె తెగిన తలలు లేవు, కొరడాలు లేవు.

ఆ వరుసలో మనవారును కలరు. ఒంటిపై చొక్కా లేదు, నడుమున పంచె. ఒకడు గాడిదను తోలుకొని వచ్చుచున్నాడు. వేఱొకడు భుజముపై కావడి మోయుచున్నాడు. రెండు తట్టలలోను చిన్న పాత్రలు. హిందూదేశమునుండి పారసీక చక్రవర్తికి ఏటేట 360 తలాంతుల బంగారపు రజను కప్పముగా పోయెడిదని హెరడోటస్ వ్రాసెను గనుక, ఆ పాత్రలలో ఉన్నది అదియే యని పండితుల ఊహ. ఇది సింధుతీరపు దేశము మాట. దక్షిణాపథమునకు ఆ చక్రవర్తుల అధికారము ఎన్నడును రాలేదు. సూసా నగరమున తన భవనమునకు ఏ యే దేశమునుండి ఏమేమి వచ్చినవో డేరియస్ ఒక శాసనమున ఏకరువు పెట్టెను: లెబనానునుండి దేవదారు, గాంధారమునుండి కలప, బాహ్లికమునుండి బంగారము, హిందూదేశమునుండి ఏనుగుదంతము. రాయి చెక్కినవారు అయోనియా గ్రీకులు, ఇటుక కాల్చినవారు బాబిలోనీయులు.

ఇంత జనమున్న పార్స శిల్పములలో ఒక్క స్త్రీ లేదు. రాణి లేదు, దాసి లేదు. ఆడజాతికి చెందిన ప్రాణి ఏదేని ఉన్నదన్న, ఎలామీయులు తెచ్చిన ఆ ఆడుసింహమే.

స్త్రీలు మట్టిలో దొరకిరి. 1933-34లో వేదిక ఈశాన్యపు మూల కోటగోడలో హెర్జ్‌ఫెల్డ్ బృందమునకు వేలకొలది మట్టి పలకలు బయటపడినవి. అవి శాసనములు గావు, చిట్టాలు. క్రీ.పూ. 509 మొదలు 493 వఱకు రాజభాండారమునుండి యెవరికెంత యవలు, ఎంత పిండి, ఎంత ద్రాక్షారసము కొలిచి యిచ్చిరో అందు వ్రాసిరి. భాష పారసీకము గాదు, ఎలామీయము. పారసీకులు రాజ్యమేలిరి, లెక్కలు వ్రాయుటకు పాత ఎలాము కరణములే నిలిచిరి. పారసీకమున వ్రాసిన పలక ఇంతవఱకు ఒక్కటే గుర్తింపబడినది. షికాగో విశ్వవిద్యాలయమున రిచర్డ్ హాలక్ సంవత్సరముల తరబడి కూర్చుండి చదివి, 1969లో రెండువేలకు పైబడిన పలకల పాఠములను ప్రకటించెను.

ఆ పలకలలో పనివారి గుంపులు కలవు. సగముగనో అంతకు మించియో స్త్రీలున్న గుంపులును కలవు. ఆడువారి గుంపునకు ఆడుదియే నాయకురాలుగ నుండి, సామాన్యపు కూలివానికన్న అధికముగ ధాన్యమును, ద్రాక్షారసమును పొందుచుండెను. ప్రసవించిన పనికత్తెకు అధికపు బత్తెము కలదు. అయితే మగబిడ్డను కన్నదానికి ఇచ్చినదానిలో సగమే ఆడుబిడ్డను కన్నదానికి. డేరియస్ భార్య ఇర్తష్దునకు సొంత భూములు, సొంత ముద్ర ఉండెను. ఆమెకు 100 గొఱ్ఱెల నిమ్మని రాజు పంపిన ఆజ్ఞ నేటికిని ఉన్నది. సూసాకును హిందూదేశమునకును నడుమ రాకపోకలు సల్పిన బాటసారులకు త్రోవలో కొలిచిన పిండి లెక్కయు ఉన్నది. వీరు కూలివారా బానిసలా యను వాదము తెగలేదు. కాని బెహిస్తూనుపై రాజు చెప్పినదానిని శంకించునట్లు ఈ చిట్టాను శంకింప బనిలేదు. కరణమునకు కావలసినది కొలత సరిపోవుటయే గాని కీర్తి గాదు.

వ్రాతను పారసీకులు 'దిపి' అనిరి. అది ఎలామీయుల 'తుప్పి' నుండి, అది బాబిలోనీయుల 'తుప్పు' నుండి, అది సుమేరీయుల 'దుబ్' నుండి వచ్చినది. అన్నిటికిని మూలార్థము మట్టి పలక. అశోకుని షాహ్‌బాజ్‌గఢీ శాసనమున 'ధ్రమదిపి' అనియే ఉన్నది. వ్రాయబడెను అనుటకు 'నిపిస్త' అను పారసీక పదమే వాడిరి. దేశమున లోపలికి వచ్చిన కొలది దకారము లకారమయ్యెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై ఉన్నది 'ధమ్మలిపి'. గోలకొండ ఏలికల కాలమున పారసీకము మరల వచ్చి మనకిచ్చిన 'దివాణము'ను సైతము భాషావేత్తలు ఈ దిపి శబ్దముతోనే ముడివెట్టుదురు. ఒకే మాట రెండువేల యేండ్ల యెడముతో రెండుమారులు తెలుగునేలకు చేరి, ఒకమారు లిపియై, ఒకమారు దివాణమై, ఒండొరుల నెఱుగక బ్రదుకుచున్నది.

క్రీ.పూ. 330లో అలెగ్జాండరు పార్స నగరమును పట్టి 1,20,000 తలాంతుల ధనమును గొనిపోయెనని డియోడోరస్ చెప్పెను. పిదప భవనములకు నిప్పు పెట్టించెను. మద్యపానోత్సవమున థాయిస్ అను వేశ్య ప్రేరేపించెనని ఒక కథ. ఏథెన్సు దహనమునకు ఇది ప్రతీకారమని అరియన్; ఇప్పుడు నీ సొత్తైనదానిని నీవే తగులబెట్టుకొందువా యని సేనాని పర్మేనియో వారించెనని కూడ ఆయన వ్రాసెను. 1971లో ఇరాను షా పసర్గడేలో సైరస్ సమాధికి వందన మర్పించి, ఈ శిథిలముల చెంతనే గుడారములు వేయించి, పారిసునుండి వంటలు తెప్పించి, లోకపు రాజులకు విందు చేసెను. ఎనిమిదేండ్లకు ఆ సింహాసనమును పోయెను. అదే 1979లో ఈ స్థలము యునెస్కో ప్రపంచ వారసత్వముల పట్టికలో చేరినది.

మట్టి పలకలకును కష్టములు తప్పలేదు. చదువుటకై అరువుగా షికాగో చేరిన వానిని, ఇరాను ప్రభుత్వముపై పొందిన నష్టపరిహారపు తీర్పు క్రింద జప్తు చేయింపవలెనని 1997 నాటి యెరూషలేము బాంబుదాడి బాధితులు వ్యాజ్యము వేసిరి. వారి దుఃఖము నిజమైనది. కాని దానికి వెల పనికత్తెల బత్తెపు చిట్టాలు కావలసివచ్చుట విధివైపరీత్యము. 2018 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీం కోర్టు ఆ కోరికను నిరాకరించెను. 2019లో 1,783 పలకలు ఇరానునకు తిరిగి వచ్చినవి. ఎలామీయము చదువనేర్చినవారు ప్రపంచమున బహు కొలదిమంది. పలకలలో చదువవలసినవి ఇంకను వేలకొలదిగ నున్నవి.