పెద్ద వంటశాలలో నిప్పు: కట్టెపొయ్యి నుండి నూనె బాణలి దాకా

నలుగురికి వండే పొయ్యికీ, నాలుగు వందలమందికి వండే పొయ్యికీ ఉన్న భేదం పరిమాణంలో మాత్రమే కాదు. పెద్ద వంటశాలలో పొయ్యి గంటల తరబడి ఆరదు. నూనె బాణలి చల్లారదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహాల భోజనశాలలకూ, తార్నాక ఫలహారశాలలకూ ఇది నిత్యకృత్యం. ఇటువంటి వంటశాలల చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. పొయ్యి మారినప్పుడల్లా అగ్నిప్రమాదం తొలగిపోలేదు, చోటు మార్చుకొన్నది.

విశ్వవిద్యాలయం స్థాపితమైన 1918 నాటికి మన పెద్ద వంటలకు గాడిపొయ్యి ఆధారం. నేలలో త్రవ్విన గాడిలో కట్టెలు పేర్చి, పైన గుండిగలు ఎక్కించేవారు. మంట అంతా బయటనే. ఒక్క నిప్పురవ్వ ఎగిరి పందిరి మీద పడితే చాలు.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఒక పుస్తకం ప్రకటించినారు. పొయ్యి మట్టిదే, కాని మంట మూసిన గూటిలో మండుతుంది. వేడిగాలి ఒక పాత్ర క్రిందినుండి మరొక పాత్ర క్రిందికి సాగి, పొగగొట్టం గుండా వెలుపలికి పోతుంది. కన్నులకు హాయి కలిగినది. మంటకు హద్దు ఏర్పడినది. అయితే మసి గొట్టంలో చేరుతుంది. దానిని దులపకపోతే ఆ మసియే అంటుకొంటుంది.

తరువాత గ్యాసు వచ్చినది. 1965లో కలకత్తాలో మొదటి ఇండేన్ సిలిండరు ఇంటికి చేరినది. ఈ వాయువు గాలికంటె బరువైనది. కారితే నేలబారున వ్యాపిస్తుంది. స్వతహాగా దానికి వాసన లేదు. అమెరికాలోని టెక్సాసులో 1937లో వాసనలేని సహజవాయువు పాఠశాలలో చేరి ప్రేలి, సుమారు మూడువందలమంది చనిపోయినారు. నాటినుండి గ్యాసులో దుర్వాసనగల మెర్కాప్టానును కలపడం నియమంగా వ్యాపించినది. ఆ వాసనయే వంటవానికి మొదటి హెచ్చరిక.

ఇక మిగిలినది నూనె. విశ్వవిద్యాలయపు పొరుగున తార్నాకలో 1944లో వెలసిన పరిశోధనశాల, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయినది. నూనెల రసాయనశాస్త్రం అక్కడి ముఖ్య విషయాలలో ఒకటి. బాణలిలోని మంటను ఆర్పే కిటుకు కూడా ఆ శాస్త్రంలోనే ఉన్నది.

వంటనూనె సుమారు 350 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే నిప్పు తగలకుండానే తనంతట మండుతుంది. దానిపై నీళ్ళు పోస్తే అవి అడుగుకు దిగి, క్షణంలో ఆవిరియై, సుమారు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను పైకి చిమ్ముతవి. పొడిమందు మంటను అణచినా, నూనె వేడిగానే ఉంటుంది గనుక మళ్ళీ రాజుకొంటుంది. జంతువుల కొవ్వుకు బదులు వృక్షతైలాలు వాడుకలోకి వచ్చిన తరువాత ఈ చిక్కు పెరిగినది. అందుచేత అమెరికాలో 1994 నుండి వంటశాలల అగ్నిమాపక సాధనాలకు కఠినమైన పరీక్ష అమలయినది. ఆ పరీక్షకు నిలిచినవి పొటాషియం లవణాల ద్రావణాలు. క్షారం తగిలిన నూనె పైన సబ్బుగా మారుతుంది. ఆ నురుగు గాలిని అడ్డుకొంటుంది. ద్రావణంలోని నీరు నూనెను చల్లబరుస్తుంది.

కాబట్టి బాణలి అంటుకొంటే ముందు గ్యాసు కట్టివేయవలె, వీలైతే మూత పెట్టవలె, నీళ్ళు పోయరాదు, బాణలిని కదల్చరాదు. పొగలాగే గొట్టంలోని జిడ్డును క్రమం తప్పక తీయించవలె. నాటి మసి స్థానంలో నేడు ఉన్నది ఈ జిడ్డే. ఈ పనులకయ్యే ఖర్చు యజమానిది. ప్రమాదం వస్తే మొదట కాలేది పొయ్యి ముందు నిలిచిన వంటవాని చేతులు.