జబ్బు వేరు, వైకల్యం వేరు అంటున్న చట్టం: తెనాలి, రేపల్లె, బాపట్లలో జీవిత భాగస్వామి కోసం పింఛను అడిగేవారికి

దుగ్గిరాల పసుపు యార్డులో బస్తాలు మోసే మనిషికి నలభై ఐదేళ్లకే రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయనుకుందాం. భార్య నాట్లకూ కలుపుకూ వెళ్తుంది. ఆయన ఇప్పుడు బస్తా ఎత్తలేడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వాడలో ఎవర్ని అడిగినా "సదరం సర్టిఫికెట్ తెచ్చుకోండి, పింఛను వస్తుంది" అంటారు. ఆమె సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకుని, ఆ రోజు కూలి మానుకుని, మనిషిని ఆటో ఎక్కించి తీసుకెళ్తుంది. అక్కడ "ఇది జబ్బమ్మా, వైకల్యం కాదు" అంటారు. చట్టం ప్రకారం ఆ మాట తప్పు కాదు. అయితే ఆమెకు వేరే దారి ఒకటి ఉంది. అది ఎక్కడ మొదలవుతుందో చెప్పే మనిషి క్యాంపులో దొరకడం కష్టం. మాల, మాదిగ పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు, ఊళ్లో దరఖాస్తులు రాసిపెట్టే చదువుకునే పిల్లలు ఆ దారి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాం.

ముందు ఒక మాట. ప్రభుత్వ కాగితాల్లో విభిన్న ప్రతిభావంతులు అనీ, ఢిల్లీ భాషలో దివ్యాంగులు అనీ రాస్తున్నారు. మేము వికలాంగులు అనే రాస్తున్నాం. కూలి పోయిన మనిషికి దివ్యత్వం అంటగడితే బియ్యం రావు.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాల్నే గుర్తించింది. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. అంతకుముందు జబ్బులుగానే చూసిన కొన్ని ఇందులో వైకల్యాలయ్యాయి: హీమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, ఇతర దీర్ఘకాలిక నరాల జబ్బులు, కండరాల క్షీణత. మానసిక అనారోగ్యం కూడా జాబితాలో ఉంది. భార్యకో భర్తకో ఏళ్ల తరబడి మానసిక జబ్బు ఉంటే సర్టిఫికెట్ అడిగే హక్కు ఉందని చాలా ఇళ్లలో తెలియదు. తెలిసినా "పిచ్చి" ముద్ర పడుతుందని బయటపెట్టరు.

కిడ్నీ వైఫల్యం, కేన్సర్, గుండె జబ్బు, షుగర్ ఆ 21లో లేవు. అంతమాత్రాన వీళ్లకు సర్టిఫికెట్ రాదనుకోకూడదు. షుగర్‌కి సర్టిఫికెట్ లేదు గానీ, షుగర్ వల్ల కాలు తీసేస్తే అది చలన వైకల్యం, చూపు పోతే దృష్టి వైకల్యం. గొంతు కేన్సర్‌కి స్వరపేటిక తీసేస్తే అది మాట వైకల్యమని చట్టంలోనే రాసి ఉంది. పక్షవాతం వచ్చి చెయ్యీ కాలూ పడిపోతే ఆ బలహీనతను కొలుస్తారు. కీళ్లవాతంలో బిగుసుకుపోయిన కీళ్లను కొలుస్తారు. అంటే డాక్టరు ముందు జబ్బు పేరు ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. ఆ జబ్బు శరీరంలో ఏ పనిని శాశ్వతంగా తీసేసిందో చెప్పాలి, దానికి రిపోర్టు చూపించాలి. చికిత్స ఇంకా నడుస్తున్న తొలి రోజుల్లో వెళ్తే కుదుటపడ్డాక రమ్మంటారు. అలా తిరిగే ఒక్కో తిరుగుడుకీ ఇద్దరి కూలి పోతుంది కాబట్టి ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. కొలతలో 40 శాతం వస్తేనే పింఛను, రిజర్వేషన్ లాంటివి. 2024 అక్టోబరు సవరణ తర్వాత యూడీఐడీ కార్డులు మూడు రంగుల్లో ఇస్తున్నారు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. తెల్ల కార్డు వల్ల ఏమీ రాదని పారేయకండి. 40 శాతం లేకపోయినా పరీక్షలో సహాయకుణ్ణి ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతనికి ఉన్నది చేతిరాతను దెబ్బతీసే ఒక నరాల సమస్య.

ఇప్పుడు కిడ్నీ రోగి భార్యకి ఎవరూ చెప్పని ఆ వేరే దారి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని దీర్ఘకాలిక రోగాలకు సదరంతో సంబంధం లేకుండా పింఛను ఉంది. ఆఫీసుల్లో వీటిని డీఎంహెచ్‌వో పింఛన్లు అంటారు, ఎందుకంటే కాగితం ఆసుపత్రి నుంచి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి మీదుగా నడుస్తుంది. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద లెక్క ఇలా ఉంది. వృద్ధులకూ వితంతువులకూ 4,000. 40 శాతం దాటిన వికలాంగులకు 6,000. డయాలసిస్ మీద ఉన్నవారికి, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికి, తలసేమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫిలియా ఉన్నవారికి 10,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల్లోనూ పరీక్షా ఫలితాలు నిర్ణీత స్థాయిలో ఉన్నవారికి 10,000 ఉంది. హెచ్‌ఐవీ మందులు వాడేవారికి 4,000, అది ఏఆర్‌టీ కేంద్రం ద్వారా వస్తుంది. కేన్సర్ మాత్రం ఈ జాబితాలో ఎక్కడా లేదు. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది గానీ, ఆ ఆర్నెల్లూ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది దాని లెక్కలో లేదు.

ఒక మనిషికి ఒకటే పింఛను. డప్పు కళాకారుడిగానో చర్మకారుడిగానో 4,000 తీసుకుంటున్న మాదిగ వృద్ధుడికి డయాలసిస్ మొదలైతే రెండూ కలిపి రావు, 10,000కి మార్పించుకోవాలి. మార్పించమని ఎవరూ వచ్చి అడగరు. ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, కరెంటు నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. ఈ షరతులు మన వాడల్లో ఎక్కువమందికి అడ్డు కావు. రేషన్ కార్డు అడ్డు వస్తుంది. కులాంతర పెళ్లి చేసుకున్న జంటల్లో ఒకరి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం మామూలే. జబ్బు చేశాక ఆ పేరు మార్పించడానికే నెలలు పడుతుంది. కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే ఇద్దరి పేర్లూ ఒక కార్డులోకి తెచ్చుకోవాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు వచ్చింది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. రేపల్లె నుంచి రైలు తెనాలికే పోతుంది. బాపట్లకు రైల్లో వెళ్లాలంటే తెనాలి వచ్చి మారాలి, లేదంటే రోడ్డు పట్టుకోవాలి. వైద్యానికి తెనాలి, గుంటూరు. కాగితానికి బాపట్ల. "మీది మా జిల్లా కాదు" అనే మాట రెండు చోట్లా వినాల్సి వస్తుంది. దీనికి జవాబు 2017 నిబంధనల్లోనే ఉంది. నివాసమున్న జిల్లాలో దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా ఆ వైకల్యానికి చికిత్స పొందుతున్న, పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చేసుకోవచ్చు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నరాల జబ్బుకి వైద్యం చేయించుకుంటున్న రేపల్లె మనిషి అక్కడే అడగొచ్చు. సర్టిఫికెట్ ఎక్కడ ఇచ్చినా దేశమంతా చెల్లుతుంది. ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు పారేయొద్దని మేము పదే పదే చెప్పేది ఇందుకే. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణం రాసి ఇవ్వాలి. నోటిమాటతో వెనక్కి రాకండి. రాసిచ్చిన కాగితం ఉంటేనే 59వ సెక్షన్ కింద అప్పీలు నిలబడుతుంది.

రైలు మాటెత్తాం కాబట్టి ఇదీ చెప్పాలి. డయాలసిస్‌కీ కిడ్నీ మార్పిడికీ ప్రయాణించే రోగికి స్లీపర్, సెకండ్ క్లాసుల్లో టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది. వెంట వెళ్లే ఒకరికీ అంతే. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా సర్టిఫికెట్ చూపాలి. చెన్నై, హైదరాబాదు వెళ్లేవారికి ఇది పనికొస్తుంది.

2025లో ప్రభుత్వం వికలాంగుల, రోగుల పింఛన్ల మీద మళ్లీ తనిఖీలు పెట్టింది. 15,000 తీసుకునేవారి ఇళ్లకు డాక్టర్ల బృందాలు వచ్చాయి. ఆగస్టులో రాష్ట్రమంతా నోటీసులు వెళ్లాయి, ఆందోళనలు జరిగాయి, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు లేవని మేము అనం. డబ్బు పెట్టి శాతం కొనుక్కున్నవాళ్లు ఉన్నారు, కొనుక్కోలేని నిజమైన రోగి వాళ్ల వల్లే ఎక్కువ నష్టపోయాడు. కానీ కోత పెట్టడానికి మంచం దాకా రాగలిగిన డాక్టరు, సర్టిఫికెట్ ఇవ్వడానికి కూడా రావాలి కదా. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన తర్వాత, బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. తెనాలి, బాపట్ల మధ్య రైలు ఆగే ఊరది. కోర్టే ఊరికి వచ్చిన నేల మీద మంచం పట్టిన మనిషిని ఆటోలో కుదేసి క్యాంపుకు తేవాలనడం ఏమిటి? నోటీసు వచ్చినవాళ్లు ఎంపీడీవోకి గానీ మున్సిపల్ కమిషనర్‌కి గానీ అప్పీలు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇక ఆమె సంగతి. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వెళ్లిరావడం కలిపితే రోజు మొత్తం పోతుంది. నెలకు పన్నెండు పదమూడు రోజులు ఆయనతో పాటు ఆమె పనికీ గండి పడుతుంది. నాట్ల కాలంలో గుంపుగా ఒప్పుకునే పనిలోకి వారంలో మూడు రోజులు రాని మనిషిని మేస్త్రి పిలవడం మానేస్తాడు. పదివేలు పెద్ద మొత్తంలా వినిపిస్తుంది, కానీ అది పోయిన రెండు కూలీల స్థానంలో వస్తోంది. వికలాంగుల్ని పెళ్లి చేసుకుంటే లక్షన్నర ఇస్తామని 2022లో కళ్యాణమస్తు ప్రకటించింది. పెళ్లయ్యాక మంచాన పడిన మనిషిని ఇరవై ఏళ్లు చూసుకునే ఆమెకు మాత్రం ఏమీ లేదు. ఆయన పోయాక వితంతు పింఛను 4,000 వస్తుంది. అప్పటిదాకా ప్రభుత్వం దృష్టిలో ఆమె చేసేది పని కాదు.

ఇది మన దగ్గరే పుట్టిన చూపు కాదు. బ్రిటన్‌లో 1976లో సంరక్షకులకు భత్యం మొదలుపెట్టినప్పుడు పెళ్లైన ఆడవాళ్లకు ఇవ్వలేదు. వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారన్నది లెక్క. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ కేసు వేసి యూరోపియన్ కోర్టు దాకా వెళ్తే, 1986లో అది మారింది. మన దక్షిణాదిలోనే కేరళ ఆశ్వాసకిరణం పేరుతో సంరక్షకులకు నెలకు 600 ఇస్తోంది. చాలా తక్కువే, కానీ ఆ పనికి ఒక పేరు పెట్టింది. మన చట్టంలోనూ ఉంది: 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం ప్రభుత్వం పెట్టాలని రాసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దళిత సంఘాలు గానీ వికలాంగుల సంఘాలు గానీ దీన్ని గట్టిగా పట్టుకోలేదు. మా వైపు నుంచీ ఆ లోపం ఉంది.

కులం సంగతి విడిగా చెప్పక్కర్లేదనుకుంటాం, కానీ కోర్టులకు చెప్పాల్సే వచ్చింది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలీ కేసులో బాధితురాలు పుట్టుకతోనే చూపులేని దళిత యువతి. కులం, ఆడతనం, వైకల్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుని పనిచేస్తాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాసింది. అదే తీర్పులో ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్షను రుజువు చాలలేదని కొట్టేసింది కూడా. విద్యార్థులు రెండు భాగాలూ చదవాలి. క్యాంపులోనో ఆఫీసులోనో నలుగురి ముందు కావాలని అవమానిస్తే వికలాంగుల చట్టం 92వ సెక్షన్ ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానించినందుకు ఉన్న శిక్షా అంతే.

ఎక్కడికి వెళ్లాలంటే: సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు. రేపల్లెవారికి బాపట్ల, తెనాలివారికి గుంటూరు. ఎస్సీలకు, ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చింది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగాలి. రోగి పేరుతో రాసే అర్జీలోనే ఇంకో పేరా చేర్చండి. ఆమె నెలలో ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుందో తేదీలతో రాసి, 24వ సెక్షన్ కింద సంరక్షకుల భత్యం అడగండి. "అలాంటి పథకం లేదు" అని జవాబొస్తుంది. ఆ జవాబును కూడా సంతకంతో తీసుకుని దాచండి.