బొంబాయి నుంచి తెచ్చుకున్న దగ్గు

మన నేతగాళ్లలో బొంబాయి పోయిన మనిషి లేని ఇల్లు తక్కువ. పోయినోళ్లు పంపిన పైసల ముచ్చట అందరం చెప్పుకుంటాం. తెచ్చుకున్న దగ్గు ముచ్చట ఎవరం చెప్పం. అందుకే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మనకన్నా ముందు పోయినవారు కామాఠీలు. నిజాం రాజ్యం నుంచి ఇండ్లు, రోడ్లు కట్టే కూలికి పోయి వాళ్లు నిలిచిన చోటే కామాఠిపుర. 1854లో బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకు పునాది పడింది. మిల్లులు పెరిగిన కొద్దీ కరీంనగర్, నల్లగొండ, వరంగల్ దిక్కు పద్మశాలీలు మగ్గం ఇడిచి రైలెక్కారు.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. గాలి, వెలుతురు లేని ఇరుకు ఇండ్లలో జనం రాలిపోయారు, బతికినోళ్లు ఊళ్లకు ఉరికారు. తర్వాత 1920లలో సర్కారు వర్లీ, నాయగాం, డిలైల్ రోడ్, శివడీలలో బీడీడీ చాళ్లు కట్టింది. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులే. అందులో పది మంది ఉంటే, ఒకరు డ్యూటీకి పోతే ఇంకొకరు ఆ చాప మీద పండుకునేది. ఒక్కరికి టీబీ వస్తే గదంతా అంటేది.

ఇంటికాడ జొన్నరొట్టె, అంబలి తిన్న మనిషికి అక్కడ చాయ్, పావు. అలసటకు మందు. మిల్లులో కార్డింగ్ ఖాతాలో పనిచేసినోళ్లకు దూది నుసి రొమ్ములో చేరేది. వారం సెలవు తర్వాత పనిలో దిగిన మొదటి రోజే ఛాతి బిగబట్టేది. దానికి బిస్సినోసిస్ అని పేరు. ఈఎస్ఐ చట్టంలో వృత్తి రోగాల లెక్కలో ఉండేది. కానీ మనోళ్లు "దమ్ము" అనే అనుకున్నారు.

పని చేతగాని రోజు వచ్చినప్పుడు మిల్లు చూడలేదు, ఊరే చూసింది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత ఎందరో తిరిగొచ్చారు. మా సొసైటీలో ఒక పెద్దమనిషి ఏండ్ల తరబడి దగ్గుకు మందులు మింగిండు. ఏం పని చేసినవని ఏ డాక్టరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెప్పమని మేమూ అనలేదు. ఆ తప్పు మాది కూడా.

ఇప్పుడు మన పిల్లలు భివండి, సూరత్ సాంచాల మీద ఉన్నారు. వాళ్లకు మేము చెప్పేది ఒకటే. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రెండు వారాలు దగ్గు తగ్గకుంటే పరీక్ష చేయించుకోండి. ఏ ఖాతాలో, ఎన్నేండ్లు చేశారో డాక్టరుకు మీరే చెప్పండి. ఇంట్లో పెద్దలుంటే వాళ్ల సంగతి కూడా అడిగి రాసి పెట్టండి.