ఆ డిటెక్టివ్ పుస్తకం ఎవరి దగ్గరుంది?

తెలుగులో డిటెక్టివ్ నవల కొని దాచుకునే పుస్తకంగా పెరగలేదు. చదివి పక్కవాళ్ళకు ఇచ్చే పుస్తకంగా పెరిగింది. 1950ల నుంచి 1980ల చివరిదాకా పాఠకుల్లో ఎక్కువమంది దాన్ని అద్దెకు తెచ్చుకునో, స్నేహితుణ్ణి అడిగో, బస్సులో పక్కసీటాయన చదివి ముగించేదాకా ఆగి తీసుకునో చదివారు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాగా ఉన్న పాత అనంతపురం జిల్లా దక్షిణ భాగంలోనూ ఇదే తీరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి పట్టణాలు. వాటి మధ్య నల్లమాడ, బుక్కపట్నం, ముదిగుబ్బ లాంటి ఊళ్ళు. పుస్తకం పట్టణంలో దిగి పల్లెకు పోయేది, ఎన్నో ఇళ్ళు తిరిగి నలిగి మళ్ళీ పట్టణానికి చేరేది.

ఈ రకం రచనకు మొదట్లో ఉన్న పేరు అపరాధ పరిశోధక నవల. ఇది ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఎక్కువగా బెంగాలీ దారిన వచ్చింది. పాంచ్‌కౌరీ దే నవలలు తెలుగులోకి వచ్చాయి, దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ ఆ తొలి తరానిదే. ఆ పుస్తకాల భాష గ్రాంథికం. వాటిని చదివినవారు ఇంగ్లీషు బడి చదువు ఉన్న ఉద్యోగులు, ప్లీడర్లు, పంతుళ్ళు. పల్లెదాకా పోయే శక్తి ఆ భాషకూ లేదు, ఆ ధరకూ లేదు.

ఆ శక్తి రైలుబండి నుంచి వచ్చింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు, జంపన చంద్రశేఖరరావు వాడుక భాషలో చిన్న చిన్న నవలలు రాశారు. అవి కొన్ని అణాలకే రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయాయి. కొవ్వలి ఒక్కరే 1000 నవలలు రాశారు. ఆయనవి ప్రధానంగా సాంఘిక నవలలే అయినా, డిటెక్టివ్ నవలకు కావలసిన రూపాన్ని సిద్ధం చేసిపెట్టాయి. జేబులో పట్టే పుస్తకం, ఒక ప్రయాణంలో అయిపోయే కథ, దిగేటప్పుడు ఎదుటివారికి ఇచ్చేసినా బాధ అనిపించని ధర. ఈ మూడూ లేకపోతే పుస్తకం అంత సులువుగా చేతులు మారేది కాదు.

ఈ ప్రాంతానికి ధర్మవరం జంక్షన్ పెద్ద కూడలి. గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే దారి అక్కడే, కదిరి మీదుగా పాకాలకు పోయే మీటర్ గేజి దారి మొదలయ్యేదీ అక్కడే. పాకాల బండి నిదానంగా పోయేది, చిన్న స్టేషన్లలోనూ ఆగేది. దక్షిణాదిన పెద్ద స్టేషన్లలో హిగ్గిన్‌బాథమ్స్ వారి పుస్తకాల స్టాళ్ళు ఉండేవి. బండి కోసం గంటలు కాచుకునేవారికి, బండెక్కాక మరికొన్ని గంటలు కూర్చోవలసినవారికి హత్య కథ కన్నా మంచి తోడు దొరకదు.

డిటెక్టివ్ నవలను సొంత కాళ్ళమీద నిలబెట్టినవారు టెంపోరావు, కొమ్మూరి సాంబశివరావు. కొమ్మూరి మద్రాసులో ఉండి రాశారు, రచయిత చలానికి బంధువు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు పాఠకులకు ఇరుగుపొరుగువాళ్ళంత దగ్గరయ్యారు. యుగంధర్ క్రైస్లర్ కారు నడుపుతాడు. కారు రాని ఊళ్ళలోని కుర్రవాళ్ళకు కూడా క్రైస్లర్ అన్న మాట నోటికొచ్చింది. కొమ్మూరి వాక్యం పొట్టిది, సంభాషణ ఎక్కువ, వర్ణన తక్కువ. తడబడుతూ చదివేవాళ్ళూ పేజీ తిప్పగలిగేది అందుకే. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. ఆ తర్వాత విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటి పేర్లు అట్టల మీద నిత్యం కనిపించాయి. అప్పటికి అచ్చువేసే కేంద్రం మద్రాసు నుంచి విజయవాడకు మారుతోంది. నెలనెలా కట్టలు కట్టలుగా పాకెట్ పుస్తకాలు అక్కడి నుంచి జిల్లాలకు వచ్చేవి.

వాటిలో చాలా ప్రతులు చేరింది అద్దె పుస్తకాల షాపులకు. ఈ షాపు గురించి తెలుగు సాహిత్య చరిత్రలు తగినంత రాయలేదు. తెలుగు నవలను ఎక్కువమందికి చేర్చింది మాత్రం అదే. బస్టాండు దగ్గరో, బజారువీధిలో మెట్లకిందో ఒక ఇరుకు గది. మూడు గోడలకూ చెక్క అరలు. కొత్త పుస్తకం రాగానే షాపాయన దాన్ని నేరుగా అరలో పెట్టేవాడు కాదు. రంగుల అట్టను జాగ్రత్తగా ఊడదీసి, దబ్బనంతో వెన్ను పక్కగా మూడు నాలుగు తూట్లు పొడిచి గట్టి దారంతో కుట్టేవాడు. పైన దళసరి అట్ట వేసి మైదా పిండి జిగురుతో అతికించేవాడు. ఊడదీసిన బొమ్మను మళ్ళీ ఆ అట్ట మీద అంటించి, లోపలి పేజీల్లో రెండు మూడు చోట్ల షాపు సీలు కొట్టి నంబరు వేసేవాడు. ఆ కుట్టు వల్ల లోపలి అంచు మాటలు మడతలోకి పోయేవి. వాక్యం చివరి మాటను పాఠకుడే ఊహించుకునేవాడు. అది ఎవరికీ లోటుగా అనిపించలేదు.

లెక్క సులువు. ముందు డిపాజిట్, తర్వాత రోజుకింత అద్దె. పైసల్లో మొదలైన అద్దె పావలాకు, అర్ధరూపాయికి పెరుగుతూ వచ్చింది. రోజు దాటితే అద్దె రెట్టింపవుతుంది కాబట్టి పాఠకుడు త్వరగా చదివేవాడు, ఒక్క అద్దెతో ఇంట్లో నలుగురూ చదివేలా చూసుకునేవాడు. తెల్లవారితే తిరిగివ్వాల్సిన పుస్తకాన్ని రాత్రి లాంతరు ముందు అన్న, తర్వాత తమ్ముడు, పొద్దున అక్క వంతులేసుకుని ముగించేవాళ్ళు. షాపాయనకూ ఈ సంగతి తెలుసు. చూసీచూడనట్టు పోయేవాడు, అలా చదివినవాళ్ళే రేపటి చందాదారులు కనుక.

నల్లమాడ లాంటి ఊరికి పుస్తకం తెచ్చేది సాధారణంగా బయటికి పోయి వచ్చేవాళ్ళే. పట్టణంలో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాడు, వేరే ఊరి నుంచి వచ్చి పనిచేసే పంతులు, పని మీద కదిరికో ధర్మవరానికో పోయిన రైతు. చెనక్కాయ పంట ఇంటికొచ్చి పనులు తగ్గిన రోజుల్లో చదువుకు తీరిక దొరికేది. 1961 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 21 మంది. కరువు సీమ పల్లెల్లో చదవగలిగినవాళ్ళు ఇంకెంత కొద్దిమందో ఊహించవచ్చు. కాబట్టి ఒకరు చదివితే పదిమంది వినడం కూడా పుస్తకం పంచుకోవడమే. రచ్చకట్ట మీద భారత రామాయణాలు చదివి వినిపించే అలవాటు ఈ సీమకు కొత్త కాదు. వినేవాళ్ళు ఆ అలవాటునే హత్య కథకూ తెచ్చారు. మధ్యలో ఆపి, చంపింది ఎవరై ఉంటారో తలా ఒక పేరు చెప్పేవాళ్ళు. పొలం తగాదాలు, కోర్టు వాయిదాలు ఎరిగిన పెద్దవాళ్ళ ఊహ ఒక్కోసారి డిటెక్టివ్ కన్నా ముందే అసలు మనిషిని పట్టుకునేది.

ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలు ఈ పనిలో సగమే తోడ్పడ్డాయి. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నును పుస్తకాలకు మళ్ళించాయి. దానితో పల్లెలకు పత్రికలు, పురాణాలు, సాంఘిక నవలలు చేరాయి. డిటెక్టివ్ నవల మీద మాత్రం పెద్దలకు చిన్నచూపు. పిల్లలు చెడిపోతారని ఇంట్లో తిట్లు, బడిలో దెబ్బలు. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదవడం, పట్టుబడితే పుస్తకం పంతులుగారి సంచిలోకి పోవడం, వారం తర్వాత పంతులుగారే దాని తర్వాతి భాగం అడగడం ఆనాటి బడి చదువులో భాగమే. ఆ చిన్నచూపు అన్యాయమైంది. పాఠ్యపుస్తకం దాటి మరో పుస్తకం ముట్టని ఇళ్ళలో తెలుగు చదివే వేగాన్ని నేర్పింది ఈ నలిగిన పుస్తకాలే.

1970, 80ల్లో ఈ ప్రయాణాన్ని శిఖరానికి చేర్చింది మధుబాబు షాడో. మధుబాబు అసలు పేరు వల్లూరు మధుసూదనరావు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. షాడో నవలలు వందకు పైగా వచ్చాయి. షాడో సి.ఐ.బి. ఏజెంటు, పై అధికారి కులకర్ణి. ఇక్కడ అపరాధ పరిశోధన వెనక్కి పోయి సాహసం ముందుకొచ్చింది. విదేశీ నగరాలు, కరాటే దెబ్బలు, తెలుగు లిపిలో ఇంగ్లీషు పేర్లు, ఒక పుస్తకంలో మొదలై మరో పుస్తకంలో తేలే కథ. ఈ వింత పోకడే దానికి బలం. రెండో భాగం వేరే చేతిలో ఉండేది కాబట్టి మొదటి భాగం చదివినవాడు దాని కోసం ఊరంతా తిరగాల్సి వచ్చేది, అలా కొత్త స్నేహాలు కుదిరేవి. పుస్తకాన్ని రచయిత పేరుతో కూడా అడిగేవాళ్ళు కాదు, షాడో పుస్తకం, యుగంధర్ పుస్తకం అనే అడిగేవాళ్ళు.

హిందూపురం, మడకశిర వైపు పాఠకుడికి మరో ఆధారం కూడా ఉంది. అటు సరిహద్దు దాటితే కన్నడం. అక్కడ ఎన్. నరసింహయ్య ఐదు వందలకు పైగా నవలలు రాసి, పత్తేదార (డిటెక్టివ్) పురుషోత్తముడితో ఇలాంటి పాఠకలోకాన్నే కూడగట్టారు. ఆయన పెద్ద చదువులు చదివినవారు కాదు, ఆయన పాఠకులూ అంతే. రెండు భాషలూ చదవగలిగిన ఇళ్ళలో పురుషోత్తముడు, యుగంధర్ ఒకే గూట్లో ఉండగలిగారు.

ఆడవాళ్ళు పుస్తకాలు పంచుకున్న తీరు వేరు. అద్దె షాపుకు స్వయంగా పోలేనివాళ్ళు వారపత్రికల మీద ఆధారపడ్డారు. ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికను చాలాకాలం నడిపిన విద్వాన్ విశ్వం అనంతపురం జిల్లా తరిమెలవాడే. సీరియల్ వచ్చిన పేజీలను వారం వారం చించి, వరుసగా పేర్చి, సూదీదారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేవాళ్ళు. మధ్యలో ఒక వారం తప్పిపోతే పక్కింటావిడ కథ నోటితో చెప్పి ఆ ఖాళీ పూడ్చేది. ఈ కుట్టిన పుస్తకాలు పెళ్ళయి పోయే ఆడపిల్లల పెట్టెల్లో అత్తగారి ఊళ్ళకు పోయాయి. యండమూరి ‘తులసిదళం’ లాంటి సీరియళ్ళ కాలానికి ఇది ఇంటింటి పనైంది.

చేతులు మారిన కొద్దీ పుస్తకం అరిగేది. మొదట పోయేవి మొదటి పేజీలు, చివరి పేజీలు. డిటెక్టివ్ నవలకు చివరి పేజీ లేకపోవడం కన్నా పెద్ద కష్టం లేదు. అప్పుడు అంతకుముందు చదివినవాళ్ళను వెతుక్కుంటూ పోవాలి. కొందరు ముగింపును తెల్లకాగితం మీద రాసి వెనక అంటించేవాళ్ళు. మరికొందరు కొంటెవాళ్ళు మొదటి పేజీలోనే హంతకుడి పేరు కింద పెన్సిలుతో గీత గీసి వదిలేవాళ్ళు. ఆ తర్వాతివాడు ఆ గీత అబద్ధమేమోనన్న అనుమానంతో చివరిదాకా చదివేవాడు.

1980ల నడుమ టీవీ ప్రసారాలు జిల్లాలకు చేరడంతో సాయంత్రాల తీరిక అటు మళ్ళింది. 1990ల్లో అద్దె షాపులు వీడియో క్యాసెట్లకు, తర్వాత జిరాక్సు యంత్రాలకు చోటిచ్చాయి. అరల్లోని పుస్తకాలు తూకానికి పోయాయి. ఈ శతాబ్దంలో కినిగె వంటి సంస్థలు మధుబాబు నవలలను ఫోన్లలోకి తెచ్చాయి. అనల్ప సంస్థ కొమ్మూరి నవలలను మళ్ళీ అచ్చువేసింది. పాత అద్దె ప్రతులు హైదరాబాదు కోఠీ, ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ల మీద ఇప్పటికీ దొరుకుతాయి. దళసరి అట్ట, దబ్బనం తూట్లు, ఒకదాని మీద ఒకటి రెండు ఊళ్ళ షాపుల సీళ్ళు, అంచుల్లో వేర్వేరు చేతిరాతల్లో పేర్లు, వెనక అట్ట లోపల తిరిగివ్వాల్సిన తేదీల వరుస.