కంప్యూటరులో తెలుగు గృహప్రవేశము

ఉగాదికి ముందు ఇల్లు కడిగి, సున్నము కొట్టి, గడపకు పసుపు పూసి, మామిడి తోరణము కట్టుట మన ఆచారము. నేడు మన ఇండ్లలో మరియొక వస్తువు చేరినది. అది కంప్యూటరు. పిల్లల చదువునకు, పెద్దల దరఖాస్తులకు, దుకాణపు లెక్కలకు దానిని వాడుచున్నాము. కాని దానిని మన భాషకు, మన అక్కరకు తగినట్లు సర్దుకొన్నవారు మనలో అరుదు. కొన్ననాడు అంగడివాడు ఎట్లు ఇచ్చెనో అట్లే అది ఇంగ్లీషు ముఖముతో ఏండ్ల తరబడి ఉండును. ఆ యంత్రములోనికి తెలుగు ఎట్లు వచ్చినది, ఎవరు తెచ్చిరి, వచ్చినదానిని మనము నిలుపుకొనుట ఎట్లు అను సంగతులను ఈ సంచిక పాఠకులకు విన్నవింపదలచితిమి.

పాండూరు ప్రాంతపు తెలుగువారికి ఈ విషయము ఇతరులకన్న ఎక్కువ అవసరము. మనలో కొందరు ఉద్యోగము కొరకు, వ్యాపారము కొరకు ఇక్కడికి వచ్చినవారు. మరికొందరు ఎక్కడికిని కదలక, ఉన్నచోటనే ఉండి ప్రవాసులైనవారు. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో భాగముగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములో చేరినది. పటాస్కర్ గారి సిఫారసుల పిమ్మట 1959లో చట్టము జరిగి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు మారినది. మనుష్యులు నిలిచియుండగా సరిహద్దు నడచినది. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు. 2006 నాటి చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి పాఠము అయినది. తమిళము చక్కగా నేర్చుట మంచిదే; ఉన్న ఊరి భాష అన్నము పెట్టు భాష. కాని అమ్మమ్మ వ్రాసిన ఉత్తరమును మనుమరాలు చదువలేకపోవుట ఆ కుటుంబమునకు నష్టము కాదా? తెలుగు బడి అందని ఇంట తెలుగు అక్షరము నిలుచుటకు మిగిలిన కొద్ది తావులలో ఈ యంత్రము ఒకటి.

కంప్యూటరును నడిపించు మూలమైన ఏర్పాటును ఆపరేటింగు సిస్టము అందురు. స్టేషనులో బండ్లు, సిగ్నళ్లు, ప్లాటుఫారములు స్టేషను మాస్టరు అదుపులో ఉన్నట్లు తెర, మీటలు, ఫైళ్లు, అచ్చుయంత్రము దీని అదుపులో ఉండును. దీనికి తెలియని లిపి తెరపై నిలువదు. ఈ ఏర్పాటు మొదట ఇంగ్లీషువారి అక్షరముల కొరకే పుట్టినది. ఆ అక్షరములు వరుసగా పక్కపక్కన కూర్చుండును. మన అక్షరములు అట్లు కావు. తలకట్టు పైన, వత్తు క్రింద, గుణింతము ప్రక్కన చేరును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకు మూడు హల్లులు, ఒక అచ్చు కావలెను. ఇది యంత్రమునకు నేర్పుటయే పెద్ద సమస్య అయినది.

మన దేశములో ఈ పని 1980 తరువాతి దశాబ్దములో ఊపందుకొన్నది. కాన్పూరు ఐ.ఐ.టి.లో జరిగిన పరిశోధన ఫలితముగా జిస్ట్ అను కార్డు వచ్చినది. పూనాలోని సి-డాక్ సంస్థ దానిని వృద్ధి చేసినది. ఆ కార్డును కంప్యూటరులో అమర్చినచో భారతీయ లిపులు తెరపై కనబడెడివి. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు పద్ధతిని నిర్ణయించినది. అచ్చులు, గుణింతములు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు దానిని కూర్చిరి. అన్ని భారతీయ భాషలకును ఒకే అమరిక. తెలుగు ‘క’ ఏ మీటపై ఉన్నదో తమిళ ‘క’ కూడ ఆ మీటపైననే ఉండును. 1991లో ఇస్కీ అను అక్షర సంకేతములకు భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర పడినది.

ప్రమాణము వచ్చినది గాని అచ్చు కూర్పువారు ఎవరి త్రోవ వారు పట్టిరి. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను దాచి ఎవరికి వారు ఫాంటులు చేసికొనిరి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు. లేనిచోట అర్థము లేని గీతల గుంపు. ఒకరి కీబోర్డు మరియొకరికి పనికిరాదు. రైల్వేవారికి దీనిని వివరింపనక్కరలేదు. అరక్కోణము–చెంగల్పట్టు మార్గము మీటరు గేజిగా ఉన్న కాలములో, అరక్కోణములో బ్రాడు గేజి బండి నుండి సరకును దింపి మరల చిన్న బండికి ఎక్కింపవలసి వచ్చెడిది. సరకు అదే, పట్టాలే వేరు. తెలుగు వ్రాతలకును అదే గతి పట్టినది.

ఇచట మనబోటి ప్రవాసులు గర్వింపదగిన సంగతి ఒకటి కలదు. ఈ చిక్కును విప్పుటకు తొలిదినములలో పూనుకొన్నవారిలో తెలుగునాటికి దూరముగా ఉన్నవారే పలువురు. అమెరికాలోని హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు 1990 తరువాతి తొలి సంవత్సరములలో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఒక కట్టుబాటును ఏర్పరచిరి. చిన్న ‘టి’ వ్రాసిన ‘త’, పెద్ద ‘టి’ వ్రాసిన ‘ట’. చిన్న ‘ఎల్’ వ్రాసిన ‘ల’, పెద్ద ‘ఎల్’ వ్రాసిన ‘ళ’. దానిని ఆ విశ్వవిద్యాలయము పేరుతోనే పిలుచుచున్నారు. నేటికిని ఆ పద్ధతిలో వ్రాయువారు కలరు. అమెరికాలోనే స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అను ఫాంటులను చేసి, మూల్యము కోరక లోకమునకు ఇచ్చిరి. ఇంటికి దూరమైనవానికే ఇంటి విలువ తెలియునేమో!

అసలైన పరిష్కారము యూనికోడ్. ప్రపంచములోని లిపులన్నిటికిని, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చు ప్రమాణము అది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. మన లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కేటాయించిరి. ‘అ’ అన్నచో 3077, ‘క’ అన్నచో 3093. చెన్నైలో వ్రాసినను, చికాగోలో చదివినను ఆ సంఖ్య మారదు. మనకు ముందరి 128 స్థానములు తమిళమువారివి, తరువాతి 128 కన్నడమువారివి. భూమిపై ఇరుగుపొరుగు ఎట్లో అక్కడను అట్లే. 1992 ఏప్రిల్ 1న రైల్వేలలో యూనిగేజ్ అను పథకము మొదలైనది. పట్టాలకు ఆ పథకము ఎట్టిదో అక్షరములకు యూనికోడ్ అట్టిది.

అయినను ప్రమాణము కాగితముపై ఉన్నంత మాత్రమున అక్షరము ఇంటికి రాదు. విండోసు 2000లో హిందీకి, తమిళమునకు స్థానము దొరకినది గాని తెలుగునకు దొరకలేదు. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పిలో తెలుగు చేరినది. దానితో పాటు వచ్చిన ఫాంటు పేరు గౌతమి. అప్పుడును, సి.డి. పెట్టి, అమరికలలోనికి పోయి, ఒక గడిలో గుర్తు పెట్టిన గాని తెలుగు సరిగా కనబడెడిది కాదు. మరియొక ప్రక్క, ఎవరైనను ఉచితముగా పంచుకొని మార్చుకొనదగిన లినక్సులో లోహిత్ తెలుగు ఫాంటు వచ్చినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు కార్యకర్తల శ్రమతో లినక్సు తెరపై మాటలను తెలుగు చేసి అందించిరి. రామభద్ర, మండలి, సురన్న, పెద్దన వంటి ఫాంటులు ఉచితముగా దొరకుచున్నవి. ఇన్ని చేతులు మారి తెలుగు మన గడప వరకు వచ్చినది. తలుపు తీయుట మన పని.

ఆ పని పది నిమిషములది. విండోసు 11లో అమరికలు తెరచి, కాలము–భాష అను భాగములో భాషల పట్టికకు తెలుగును చేర్చవలెను. తరువాత విండోసు గుర్తు గల మీటను, పొడుగు మీటను కలిపి నొక్కిన ఒక భాష నుండి మరియొక భాషకు మారవచ్చును. కీబోర్డులు రెండు విధములు కలవు. ఒకటి పైన చెప్పిన ఇన్‌స్క్రిప్టు. రెండవది ఇంగ్లీషు మీటలపై ఉచ్చారణను బట్టి వ్రాయునది. ఇది 2019లో విండోసు 10 లోనికి వచ్చినది. పిల్లలకు ఇన్‌స్క్రిప్టు నేర్పుట మంచిదని మా అభిప్రాయము. ఏలయన, ఇంగ్లీషు ద్వారా వ్రాయువాడు తెలుగు అక్షరమును చూడక ఇంగ్లీషు అక్షరమునే తలచును. ఇన్‌స్క్రిప్టులో ‘క’, పొల్లు, ‘క’ అని మూడు మీటలు నొక్కినచో ‘క్క’ వచ్చును. ఒత్తు ఎట్లు పుట్టునో వ్రేలికి తెలిసిపోవును. వృద్ధుల కొరకు తెరపై అక్షరముల పరిమాణమును పెంచవలెను. వత్తులు గల లిపికి ఇంగ్లీషుకన్న పెద్ద అక్షరము కావలెను.

ఇల్లలుకగానే పండుగ కాదు. అమర్చిన దానిని కాపాడుకొనుట ముఖ్యము. మొదటిది, దిద్దుబాట్లు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కు దీర్ఘము చేరిన ఒక రూపము తెరపైకి రాగానే ఆపిల్ ఫోనులలోను, ఆ సంస్థ కంప్యూటరులలోను పని నిలిచిపోయినది. మన అక్షరమొకటి ప్రపంచమంతటను వార్త అయినది. కొద్ది దినములలోనే దిద్దుబాటు వచ్చినది. దానిని వేసికొన్నవారికి బాధ తీరినది. కనుక దిద్దుబాటు వచ్చినప్పుడు ‘రేపు’ అని త్రోసివేయరాదు. రెండవది, ఆపరేటింగు సిస్టమునకు కూడ ఆయువు కలదు. విండోసు ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోను, విండోసు 7కు 2020 జనవరి 14తోను, విండోసు 10కి 2025 అక్టోబరు 14తోను సామాన్యముగా లభించు మద్దతు ముగిసినది. క్రొత్త విండోసుకు తగని పాత యంత్రమును పారవేయనక్కరలేదు. దానిలో లినక్సు వేసి పిల్లలకు తెలుగు పలకగా ఇయ్యవచ్చును. మూడవది, పాత ఫాంటులలో ఉన్న శుభలేఖలు, పాటలు, వంశవృక్షములు, సంఘపు లెక్కలు యూనికోడ్‌లోనికి మార్పించుకొనవలెను. ఆ ఫాంటు తెలిసినవారు ఉన్నంతవరకే అవి చదువనగును. నాల్గవది, ముఖ్యమైనవానికి రెండు నకళ్లు, రెండు వేర్వేరు చోట్ల ఉంచవలెను. అయిదవది, తెలియని చోటి నుండి ఫాంటులను, ఉపకరణములను దింపుకొనరాదు.

ఈ పండుగకు మేము కోరునది ఒక్కటే. ప్రతి కుటుంబమువారును తమ యంత్రములో తెలుగును చేర్చి, ఇంటిలోని చిన్నవారిచేత మొదట తమ పేరు, తరువాత తల్లిదండ్రుల పేర్లు, తాతముత్తాతల పేర్లు, వారు పుట్టిన ఊళ్ల పేర్లు తెలుగులో వ్రాయింపుడు. పెద్దలు ప్రక్కన కూర్చుండి ఒత్తులను, దీర్ఘములను సరిచూడుడు. ఒక పుటకు మించదు. కాని తిరుత్తణి, తిరువళ్లూరు చుట్టుపట్ల ఇండ్లలో అట్టి పుటలు ఇంటికి ఒకటి చొప్పున ఉన్నచో అది మన సంఘమునకు ఒక చరిత్ర గ్రంథమే అగును. సరిహద్దు రేఖలను మార్చుట మన చేతిలో లేకపోయినది. మన ఇంటి కంప్యూటరులోని భాషల పట్టిక మాత్రము మన చేతిలోనే ఉన్నది.

పాఠకులందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.