తాళంచెవుల గుత్తి

మా అత్తగారి బొడ్లో ఎప్పుడూ ఒక తాళంచెవుల గుత్తి ఉండేది. బీరువాది, కొట్టుగదిది, ఊరగాయల అలమరది... ఆవిడ నడుస్తుంటే ఘల్లుఘల్లుమనేది. కొట్టుగది తాళంచెవి నా చేతికి రావడానికి పెళ్ళయ్యాక మూడేళ్ళు పట్టింది. బీరువాది మాత్రం ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇవ్వలేదు. అప్పట్లో ఎంత ఉడుక్కున్నానో! కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఏది కనబడకపోయినా ఎవర్ని అడగాలో ఆవిడకి తెలుసు. పనిమనిషిని ఉత్తపుణ్యాన ఒక్కమాట అన్న పాపాన పోలేదు.

ఇప్పుడీ గుత్తి ఎందుకు గుర్తొచ్చిందంటారా? మా మహిళా మండలి లైబ్రరీ వల్ల. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో అంతా కంప్యూటర్లోకి ఎక్కించాం. వాడేది ఐదుగురం, పేరు మాత్రం ఒక్కటే, పాస్‌వర్డూ ఒక్కటే. అదీ కీబోర్డు కింద చీటీ మీద రాసి ఉండేది! ఒకరోజు పొద్దున్నే చూస్తే బాకీ పుస్తకాల జాబితా మొత్తం మాయం. ఎవరు చేశారయ్యా అని వెతికితే కంప్యూటరు ఆ ఒక్క పేరే చూపించింది. ఐదుగురిలో నలుగురం కమిటీ వాళ్ళం, ఐదోది జీతానికి పనిచేసే అమ్మాయి. నింద ఎవరిమీద పడిందో వేరే చెప్పాలా? "నేను కాదు మేడమ్" అంది. కాదని రుజువు చేసుకోవడానికి దాని దగ్గర ఏముంది పాపం! వారం తిరక్కుండా మానేసింది.

ఆ బాధతోనే ఈ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. ఆర్ట్స్ చదివినదాన్ని, యంత్రాల సంగతి నాకేం తెలుసు అనుకున్నాను. తీరా చూస్తే ఇదంతా మనుషుల కథే.

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో అనే ఆయనా, ఆయన బృందమూ ఒకే కంప్యూటర్ని పలువురు ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి చూపించారు. ఉమ్మడి కాపురం అన్నాక ఎవరి పెట్టె వాళ్ళకి ఉండాలి కదా! అందుకని మనిషికో పేరు, పేరుకో రహస్యపు మాట పెట్టారు. 1962లోనే దానికి కన్నం పడింది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వంతు కంప్యూటరు సమయం చాల్లేదు. రహస్యపు మాటలున్న ఫైలును అచ్చు వేయించుకుని, తోటివాళ్ళ పేర్లతో పని కానిచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి తానే చెప్పుకున్నాడు.

అంతకంటే వింత 1960ల నడుమ జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో కూర్చున్నారు. ఒకరు రోజువారీ సందేశం దిద్దుతున్నారు, ఇంకొకరు పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నారు. దిద్దే ప్రోగ్రాము ఒకరే వాడతారనుకుని రాసినది. రెండూ తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ శుభోదయం బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి!

దీనికి మందు ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో దొరికింది. రోజర్ నీధామ్ అనే ఆయన ఉపాయం చెప్పాడు: పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకండి, రుబ్బి దాచండి అని. రుబ్బడం నా మాటే లెండి. బియ్యం, మినప్పప్పు రుబ్బాక పిండిలోంచి మళ్ళీ గింజలు రావు కదా! మనం మాట చెప్పినప్పుడల్లా దాన్నీ అలాగే రుబ్బి, పాత పిండితో పోల్చి చూస్తారు. దొంగకి దొరికినా పిండే దొరుకుతుంది.

ఇక మా లైబ్రరీ వంటి పెద్ద పద్దుల సంగతి. 1976లో ఐ.బి.ఎం. పరిశోధకురాలు ప్యాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. ఆవిడే తర్వాత సెలింజర్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్నది వేరువేరుగా ఇవ్వడం, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం అందులోని విషయం. నేను తాళంచెవి తోడికోడలికిచ్చాను, ఆవిడ తన చెల్లెలికిచ్చింది అనుకోండి. నేను తోడికోడలి దగ్గర వెనక్కి తీసుకుంటే చెల్లెలి దగ్గరిది కూడా పోతుంది, అసలు ఇవ్వనే లేదన్నట్టు! కాకపోతే ఆ చెల్లెలికి మా అత్తగారు కూడా విడిగా ఒకటి ఇచ్చి ఉంటే అది మాత్రం నిలుస్తుంది. చదువుతుంటే ఈవిడ ఏ ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిందో అనిపించింది నాకు.

అందరూ ఇంత జాగ్రత్తపరులనుకోకండి. ఒరాకిల్ అనే డేటాబేస్‌తో పాటు ఏళ్ళ తరబడి వచ్చిన నమూనా పేరు స్కాట్, పాస్‌వర్డు టైగర్. స్కాట్ ఆ కంపెనీ తొలి ఉద్యోగుల్లో ఒకడు. టైగర్ ఆయన ఇంటి పిల్లి! ఇది తెలిశాక మా కీబోర్డు కింది చీటీ గురించి కాస్త సిగ్గు తగ్గింది.

మొత్తానికి కమిటీలో పట్టుబట్టి మనిషికో పేరు పెట్టించాను. "మనమంతా ఒకటే కదండీ, ఈ వేరుకుంపట్లు ఎందుకు?" అన్నారొకరు. అప్పుడు అసలు మాట బయటపెట్టాను. జాబితా పోయిన ముందురోజు సాయంత్రం ఆఖర్న కూర్చున్నది నేనే. ఏదో అడిగింది, చదవకుండా 'అవును' అని నొక్కి వచ్చాను. పోగొట్టింది నేనేనేమో! ఆ రోజు మాత్రం నోరెత్తలేదు. నా గౌరవానికేం లోటు రాలేదు, ఆ అమ్మాయి జీతం పోయింది.

వాళ్ళింటికి వెళ్ళి ఈ మాటే చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత, "ఈసారి నా పేరు నాకే ఉంటుందా మేడమ్?" అని అడిగింది.

ఒకటో తారీఖున వచ్చింది. మొదట తన పాస్‌వర్డు తనే పెట్టుకుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.